వెనక్కి తీసుకున్న యాభై ఎనిమిది జవాబులు

పోయినవాటిని ముందు రాస్తాను. కంప్యూటర్లు తొమ్మిది. వాటి కింద బల్లలు తొమ్మిది, ముందు కుర్చీలు పద్నాలుగు. జంటగా వచ్చేవాళ్ళ కోసం ఐదు ఎక్కువ వేసుకున్నాం. గోడకు వేలాడిన కాగితం ఒకటి, దాని మీద నా పేరు, పేరు పక్కన వరుస సంఖ్య. సిద్దిపేట పాత బస్టాండు వెనక, బట్టల దుకాణం పైన మేము ఇంటర్నెట్ సెంటర్ నడిపిన గది ఒకటి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాని ముందు సగం పోయింది, మిగిలిన సగాన్ని ఇప్పుడు కూల్చేస్తున్నారు. ఇంట్లో మగ్గాలు రెండు. బాపు. అవ్వ. వీటితో పాటు యాభై ఎనిమిది జవాబులు. వాటిని ఎవరూ ఎత్తుకుపోలేదు, నేనే వెనక్కి తీసుకున్నాను. అందువల్ల పోయినవాటిలో రాయాలా, ఇచ్చేసినవాటిలో రాయాలా అన్నది చాలాకాలం తేల్చుకోలేకపోయాను. ఇప్పటికి పోయినవాటిలోనే రాస్తున్నాను.

పోయిన నెల యాదగిరి అన్న ఫోన్ చేశాడు. సెంటర్ ఆయనది. ఇంటర్లో ఇంగ్లీషు తప్పి నేను చదువు ఆపేసిన తర్వాత, మూడేళ్ళకు పైగా ఆయన దగ్గర పనిచేశాను. "శ్రీనూ, గది ఖాళీ చేస్తున్నం. అటక మీద నీ నోట్‌బుక్ దొరికింది. అట్ట నుంచి అట్ట దాక అన్నీ అంకెలే ఉన్నయి. చెత్తల ఏసుడా, ఉంచుడా?" అన్నాడు. ఉంచమని చెప్పి మర్నాడు పొద్దున వెళ్ళాను. మెట్ల మీద సిమెంటు పొడి పేరుకుంది. ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద ఆ నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాడు. పొడుగు పుస్తకం, కుట్టు మీద ఎర్రగుడ్డ. వరుసకు ఒక సంఖ్య, అది ఏ నంబరు మిషన్ మీద చేసింది, చివర పదహారు అక్షరాలు. నా చేతిరాత అప్పుడు ఇప్పటికంటే బాగుండేది.

ఆ అంకెలు ఏమిటో చెప్పాలి. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారని బడిలో అందరం చదువుకున్నాం. రెండును రెండుతో ఎన్నోసార్లు గుణించుకుంటూ పోయి చివరికి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యల్లో చాలా అరుదుగా ప్రధాన సంఖ్యలు తగులుతాయి. అవి లక్షల అంకెల పొడవుంటాయి. వాటిని వెతకడానికి లోకంలో ఒకరికొకరు తెలియని వేలమంది తమ కంప్యూటర్లు ఊరికే ఉన్న సమయాన్ని ఇస్తారు. జీతం లేదు, కూలి లేదు. ఒక కేంద్రం ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్యను పంచుతుంది. మన మిషన్ ఒక చిన్న అంకెతో మొదలుపెట్టి, దాని వర్గం కట్టి, రెండు తీసేసి, మనకిచ్చిన సంఖ్యతో భాగించి, శేషాన్ని పట్టుకుని మళ్ళీ వర్గం కడుతుంది. ఇట్లా కోటి సార్లకు పైగా. ఆఖరి శేషం సున్నా వస్తే మనది ప్రధాన సంఖ్య. రాకపోతే ఆ శేషంలోని చివరి పదహారు అక్షరాలను జవాబుగా పంపుతాం. ఆ కోటి మెట్లలో ఏ ఒక్క మెట్టు దగ్గర ఒక అంకె జారినా ఆఖరున వేరే పదహారు అక్షరాలు వస్తాయి. చూడటానికి అవి కూడా సరైన జవాబు లాగానే ఉంటాయి. మిషన్ ఆగదు, దీపం ఎర్రగా వెలగదు. నిజమైన ప్రధాన సంఖ్య చేతికి వచ్చినా, కాదని చెప్పి పంపేస్తుంది.

ఒక పాత పత్రికలో దీని గురించి చదివి, తొమ్మిది మిషన్లలోనూ ఆ ప్రోగ్రాం వేస్తానని అడిగినప్పుడు యాదగిరి అన్న ఒప్పుకోలేదు. "ఎవడో పరాయోని ప్రోగ్రాం నా మిషన్లల ఏస్తవా? రేపు అండ్ల నుంచి దూరి మన దగ్గర కూసునేటోళ్ళ పాస్‌వర్డులు గుంజితే ఎవలు జిమ్మేదార్?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఒక్క మిషన్ మీద వేసి, పదిహేను రోజులు బయటికి ఏమి పోతున్నదో, లోపలికి ఏమి వస్తున్నదో చూసి కాగితం మీద రాసి చూపించాను. రోజుకు ఒక వరుస పోతున్నది, అప్పుడప్పుడు ఒక వరుస వస్తున్నది. ఆయన ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి ఇంకో ప్రశ్న వేశాడు.

"అయితే ఎవడన్న ఊకె పదహారు అచ్చరాలు కొట్టి పంపితే? లెక్క చెయ్యకుంటనే పేరు కొట్టేస్తడు గద."

"జవాబు ఎంబడి ఒక గుర్తు పోతది అన్నా. లెక్క చేసిన ప్రోగ్రాం ఏస్తేనే అది కలుస్తది."

"గుర్తు గూడ దొంగది ఏస్తే?"

"అదే సంఖ్యను ఇంకొకనికి ఇస్తరు. ఇద్దరి జవాబు కలిస్తేనే పక్కా అయితది."

"ఆ ఇంకొకడు మొదటోని బామ్మర్ది అయితే?"

ఆయన నవ్వి, ఏసుకో పో, కస్టమర్లకు స్లో అయితే మాత్రం తీసేస్త అన్నాడు.

ఆ బామ్మర్ది ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే ఉన్నట్టు తర్వాత తోచింది. మాది మగ్గాల ఇల్లు. నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్ళం. బాపు గొల్లభామ చీరలు నేసేవాడు. పొద్దు పొడవకముందే వాడకట్టు పొడుగునా పడుగును, అంటే చీర నిలువు పోగులను, సాగదీసి కట్టి, కుంచెతో గంజి పట్టించేవాళ్ళు. ఉడికిన గంజి వాసన, తడినూలు వాసన, అవ్వ పొయ్యి మీద కాచే చాయ్ వాసన, ఈ మూడూ కలిసి ఒక్క వాసనగా నాకు గుర్తు. మగ్గం ఎక్కించే ముందు పడుగులో పోగులు లెక్కపెట్టాలి. నూట ఇరవై పోగులు ఒక పుంజం. బాపు ఈ అంచు నుంచి మొదలుపెట్టి, ఒక పుంజం అయినప్పుడల్లా గిన్నెలో ఒక చింతగింజ వేసేవాడు. ఆయన ముగించి లేచాక అవ్వ అవతలి అంచు నుంచి మొదలుపెట్టి తన గిన్నెలో వేసేది. ఎన్ని అయ్యాయో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు కాదు. లెక్క నడుస్తున్నంతసేపు బాపు అవ్వ దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు, ముఖంలో తెలిసిపోతుందని. చివరికి రెండు గిన్నెలు నేల మీద పోసి, గింజకు గింజ జత పెట్టేవాళ్ళు. ఒక్కటి మిగిలినా ఎవరిది తప్పని అడగరు. మళ్ళీ ఇద్దరూ మొదటి నుంచి. వాళ్ళు మొగుడూ పెళ్ళాలే, ఒక కంచంలో తిన్నవాళ్ళే. అయినా అవి రెండు లెక్కలు. బామ్మర్ది అయినా ఫరవాలేదు, ముందు వచ్చిన లెక్క ఎంతో అతనికి చెప్పకుంటే చాలు.

సెంటర్లో చేరిన రెండో ఏడు, తొమ్మిదింటిలోనూ ప్రోగ్రాం వేసి వారమైనా కాకముందే వచ్చిన దసరాకు జరిగినది ఇది. మా ఇళ్ళల్లో దసరా నాడు పేక నూలు నడిపే నాడె, అచ్చు, కుంచె, కత్తెర అన్నీ కడిగి పీట మీద పెట్టి పూజ చేస్తారు. ఆ రోజు వాటిని వాడరు. యాదగిరి అన్న సెంటర్లో కొబ్బరికాయ కొట్టి, మానిటర్ల మీద బొట్లు పెట్టి తన పని ముగించాడు. కానీ బాపు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"నీ పనిముట్టు ఏదిరా? పోయిన ఏడు గూడ ఉత్త చేతులతోనే వచ్చినవ్."

"కంప్యూటర్ మోసుకొస్తనా బాపూ?"

"అంతా ఎందుకు? దాని పానం ఏడుంటదో గది తే."

నాకు ఆ మాట నచ్చింది. లెక్క సాగుతున్నంతసేపు అంకెలు ఉండేది ర్యామ్‌లో. వేలెడంత పచ్చని పట్టీ, కింది అంచున బంగారు రంగు పళ్ళు. తొమ్మిది మిషన్లు విప్పి, తొమ్మిది పట్టీలు తీసి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పీట మీద నాడెల పక్కన వరుసగా పరిచాను. అవ్వ తడి పసుపు, కుంకుమ తీసుకుని ఒకదాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. "దీని మొఖం ఏ దిక్కున్నది బిడ్డా? ఇగో, మెరిసే కాడనే ఉండాలె" అని, తొమ్మిదింటికీ బంగారు పళ్ళ మీదనే బొట్టు పెట్టింది. చూశాను. ఆపలేదు. పండుగ పూట అవ్వ చేతిని ఆపడం మా ఇంట్లో లేదు. మర్నాడు బాపు పాత ధోతి గుడ్డతో గట్టిగా తుడిచి, మళ్ళీ మిషన్లలో బిగించాను. అన్నీ వెలిగాయి. ఏ పట్టీ ఏ మిషన్‌కు పోయిందో రాసుకోలేదు. అన్నీ ఒక్క తీరువే కదా అనుకున్నాను. ఆ తర్వాత కూడా ఏదైనా మిషన్ లేవకపోతే పక్కదాని పట్టీ తీసి దీనికి, దీనిది దానికి మార్చేవాణ్ణి. కస్టమర్ నిలబడి ఉండేవాడు, పని జరగాలి. అది కూడా ఎక్కడా రాయలేదు.

దసరా నుంచి ఎండాకాలం చివరి వరకు తొమ్మిది మిషన్లూ యాభై ఎనిమిది జవాబులు పంపాయి. కరెంటు కోతలన్నీ కలుపుకుని ఒక్కో సంఖ్యకు సుమారు ముప్పై ఐదు రోజులు పట్టేది. పాల్గొన్నవాళ్ళ జాబితాలో నా పేరు పైకి పాకుతూ వచ్చింది. యాదగిరి అన్న ఆ పేజీని ప్రింటు తీసి, నా పేరు కింద ఎర్ర గీత కొట్టి గోడకు తగిలించాడు. వచ్చినవాళ్ళకు చూపించి "మావోడు ప్రపంచంల ఇన్నో నంబర్" అనేవాడు. దేంట్లో అని వాళ్ళు అడిగితే "నీకు చెప్పినా తెల్వదు తియ్" అనేవాడు. ఆయనకూ తెలియదు. ఇంటర్ తప్పిన నాకు ఆ కాగితం ఎంత అక్కరో మాత్రం ఆయనకు తెలుసు.

అప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. కొత్తగా చేరిన మిషన్ల జవాబులను ముందుగా సరిచూడటమే పనిగా పెట్టుకున్న ఒక దూరదేశపు మనిషి పంపాడు. మర్యాదగా, పొడిగా ఉంది. నా జవాబుల్లో నాలుగు తన జవాబులతో కలవలేదని, మూడో మనిషి చేస్తే తనవాటితో కలిశాయని, మిషన్లు ఒకసారి చూసుకొమ్మని. జవాబు వెంట పోయే గుర్తు నా నాలుగింటికీ సరిగానే ఉంది. అబద్ధం ఆడేవాణ్ణి పట్టుకునే ఏర్పాటు అది. తెలియక తప్పు చెప్పేవాణ్ణి పట్టుకోదు. మిషన్లకు మంచీచెడూ చెప్పే పరీక్ష పెడితే తొమ్మిదింటిలో మూడు తప్పాయి. విప్పి పట్టీలను వెలుతురుకు పెట్టి చూశాను. మూడింటి పళ్ళ సందుల్లో సన్నగా పసుపు, దాని మీద ఎరుపు ఎండిపోయి ఉన్నాయి.

ఈ రోజుకు మూడు పట్టీలు చెడ్డవని తెలిసింది. కానీ గడిచిన నెలల్లో ఆ మూడూ ఎప్పుడెప్పుడు ఏ మిషన్‌లో ఉన్నాయో తెలియదు. అంటే మిగిలిన యాభై నాలుగు జవాబుల్లో ఏవి మంచివో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో రెండో లెక్క మొదటిదాని వెనక చాలా ఏళ్ళు ఆలస్యంగా నడిచేది. ఆ యాభై నాలుగింటిలో ఒకటి నిజంగా ప్రధాన సంఖ్యే అయితే, కాదని నేను పెట్టిన సంతకం కింద అది అన్నేళ్ళూ పడి ఉంటుంది.

యాదగిరి అన్నకు చెప్పాను. "నాలుగే అన్నరు గద, నాలుగే ఒప్పుకో. మిగిలినయి ఆళ్ళు అడిగిన్నాడు సూద్దాం" అన్నాడు. గోడ మీది కాగితం వైపు చూడకుండా అన్నాడు. అన్నీ వెనక్కి తీసుకుంటే నా పేరు ఆ పేజీలోనే ఉండదు.

మర్నాడు పొద్దున వాడకట్టులో బాపుతో పాటు పడుగుకు కుంచె పట్టాను. చేయి ఆపకుండానే సంగతి చెప్పాను.

"ఎన్ని పాడైనయ్ రా?" అన్నాడు బాపు.

"తెల్వదు బాపూ."

"తెల్వకుంటే అన్నీ పాడైనట్టే."

"పట్టీలు మంచిగ కడిగి, గవే మిషన్ల మీద నేనే మళ్ళ చేస్త. ఎవలికి చెప్పకున్నా నడుస్తది."

"నువ్వు పెట్టిన లెక్కను నువ్వే సరి చూస్తే రెండు లెక్కలు అయితయా? మీ అవ్వను ఎందుకు లేపుతున్న నేను రోజు?" అన్నాడు. కాసేపు కుంచె లాగి, మళ్ళీ ఆయనే అడిగాడు. "సరే, చెప్తవ్. చెప్తే గవన్నీ ఎవలో ఒకలు మళ్ళ చెయ్యాలె గద. ఆళ్ళ దినాలు?"

మా వాడకట్టులో ఒక పద్ధతి ఉండేది. ఒకరి పడుగు తప్పిపోయి పక్కింటివాడు వచ్చి పోగులు సరిచేస్తే, ఎన్ని దినాలు కూర్చున్నాడో అన్ని దినాలు వీళ్ళు వెళ్ళి అతని పడుగు దగ్గర కూర్చోవాలి. పనితనం ఎక్కువా తక్కువా అని చూడరు. దినానికి దినం. బాపు నన్ను అడిగింది అదే.

ఇంతలో అవ్వ చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి "ఏం పాడైందిరా?" అంది.

"మిషన్లు వేడెక్కినయ్ అవ్వా, ఎండకు."

బాపు నా వైపు చూశాడు. గ్లాసు అందుకున్నాడు.

దూరదేశపు మనిషికి మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. పండుగ, పసుపు, పట్టీలు మారిపోవడం, రాసుకోకపోవడం. యాభై ఎనిమిది జవాబులనూ వెనక్కి తీసుకుంటున్నాను, లేనట్టే లెక్కించి ఆ సంఖ్యలను వేరేవాళ్ళకు పంచండి అని. ఆయన రెండు వాక్యాల్లో బదులిచ్చాడు. చాలామంది ఇట్లా రాయరు, సంతోషం. పసుపు వల్ల తప్పిన లెక్కను నేను చూడటం ఇదే మొదలు అని. యాదగిరి అన్న గోడ మీది కాగితాన్ని తనే తీసి, నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశాడు.

ఆ ఏడు దసరాకు బాపు పనిముట్టు తెమ్మని అడిగాడు. ఏమి తేవాలో తోచక, ఖాళీ టిఫిన్ డబ్బానే పీట మీద పెట్టాను. అవ్వ దాన్ని తెరవలేదు. మూత మీద బొట్టు పెట్టి, "పైననే పెట్టిన బిడ్డా, లోపలికి పోదు" అంది. ఆమెకు ఎవరు చెప్పారో, తానే కనిపెట్టిందో నేను అడగలేదు.

ఇప్పుడు ఈ వెతుకులాట తీరు వేరు. లెక్క నడుస్తుండగానే మిషన్ తనను తాను సరి చూసుకుంటుంది, తప్పు దొరికితే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడుతుంది. జవాబుతో పాటే ఒక రుజువును కూడా తయారుచేసి పంపుతుంది. నెలల పనిని ఆ రుజువుతో కొద్దిసేపట్లో తేల్చేయవచ్చు. దొంగ జవాబు నిలవదు, పాడైన పట్టీ జవాబు కూడా నిలవదు. అవతలి అంచు నుంచి లెక్కపెట్టడానికి రెండో మనిషి అక్కర లేదు. ఇది మంచి ఏర్పాటు. అప్పటిదాని కంటే అన్ని విధాలా మేలని లెక్క ప్రకారం ఒప్పుకుంటాను. మా వాడకట్టులో కూడా పోగులు లెక్కపెట్టేవాళ్ళు ఇప్పుడు లేరు, మగ్గాలే రెండో మూడో మిగిలాయి. అయితే అప్పటి పాత జవాబులు ఇంకా చాలా ఉన్నాయి, ఒక్క మనిషి మాత్రమే చేసి వదిలినవి, రెండో లెక్క కోసం ఎదురుచూస్తున్నవి. నాకంటూ ఒక కంప్యూటర్ కొనుక్కున్న ఈ ఏడేళ్ళ నుంచి నేను చేస్తున్నది అవే. కొత్త సంఖ్య ఒక్కటీ తీసుకోలేదు.

నా యాభై ఎనిమిదీ కూడా ఒకటొకటిగా తేలిపోయాయి. చూసుకున్నాను. నేను పంపినవాటిలో ముప్పై ఐదు సరైనవే. ఇరవై మూడు తప్పు. ప్రధాన సంఖ్య ఒక్కటీ లేదు. ఆ సంగతి తెలిసిన రోజు ఊపిరి తీసుకున్నానని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. ఉండి ఉంటే అప్పుడు ఏమి చేసేవాణ్ణో అని కాసేపు కూర్చున్నాను, అంతే.

సిమెంటు పొడిలో కూర్చుని యాదగిరి అన్న ఇదంతా విన్నాడు. నోట్‌బుక్ నా చేతిలో పెడుతూ, "ముప్పై అయిదు మంచిగనే వచ్చినయ్ అంటివి. మరి ఆటి బాకీ గూడ ఎందుకు కడుతున్నవ్ రా?" అన్నాడు.

"నేను వెనక్కి తీసుకున్న గద అన్నా. మంచియి అయినా ఎవలో మళ్ళ చేసిన్రు."

"ఇప్పటి మిషన్లు ఉరుకుతయ్ గద, తొందరగ తెగాలె."

"సంఖ్యకు సంఖ్య అయితే ఎన్నడో తెగేది. నేను దినానికి దినం కడుతున్న."

ఆయన ఫోన్ తీసి లెక్క చేయబోయి నన్నే చూశాడు. నేను చెప్పాను. యాభై ఎనిమిది సార్లు ముప్పై ఐదు, రెండు వేల ముప్పై దినాలు. కరెంటు పోయిన రోజు, ఎండకు మధ్యాహ్నం ఆపేసిన రోజు, ఊరెళ్ళిన రోజు జమ వేసుకోను. పొద్దు నుంచి పొద్దు వరకు ఆగకుండా నడిచిన రోజునే ఒక దినంగా రాస్తాను. అట్లా ఇప్పటికి పదహారు వందల పదమూడు అయ్యాయి.

"అంటే ఇంక?"

నాలుగు వందల పదిహేడు.